రెండు పీపాల సాక్ష్యము: బవేరియా మఠపు బీరుశాల, తెలుగు సంఘపు నియమము

1. ఉపోద్ఘాతము

ఐర్లండు నుండి ఐరోపా ఖండమునకు సువార్త తెచ్చిన మిషనరీలలో కొలంబానుస్ ముఖ్యుడు. ఆయన 615లో ఇటలీలోని బొబ్బియో మఠములో మరణించాడు. అదే మఠమునకు చెందిన యోనాస్ అనే సన్యాసి కొన్ని దశాబ్దముల తరువాత ఆయన జీవితచరిత్రను లాటిన్ భాషలో వ్రాశాడు. ఆ గ్రంథములో బీరుకు సంబంధించిన రెండు సంఘటనలు ఉన్నాయి.

మొదటిది కాన్‌స్టన్స్ సరస్సు తీరమున ఉన్న బ్రెగెంజ్‌లో జరిగింది. అక్కడి ప్రజలు ఒక పెద్ద పీపా నిండా బీరు పెట్టుకొని కూర్చున్నారు. ఇది ఎందుకని కొలంబానుస్ అడిగితే, తమ దేవుడైన వోదానుకు అర్పించడానికని చెప్పారు. ఆయన దాని మీద ఊదగా పీపా పగిలి బీరంతా నేలపాలయిందని యోనాస్ వ్రాశాడు. రెండవది లుక్సేయి మఠములో జరిగింది. భోజనవేళకు బీరు పట్టడానికి వెళ్లిన సన్యాసి, కొలంబానుస్ పిలుస్తున్నాడని వినగానే పీపా బిరడా చేతిలో పట్టుకొనే పరుగెత్తాడు. తిరిగి వచ్చి చూస్తే, క్రింద పెట్టిన కూజా నిండి అంచు పైకి నిలిచిందే గాని ఒక్క చుక్క కూడా ఒలకలేదట.

ఈ అద్భుతముల చారిత్రకతను చర్చించడం మా ఉద్దేశ్యము కాదు. మనము గమనించవలసినది ఒక్కటే. ఒకే గ్రంథములో, ఒకే దైవజనుని చేతిలో ఒక పీపా పగిలింది, మరొక పీపా కాపాడబడింది. రెండింటిలోనూ ఉన్నది బీరే. భేదము పానీయములో లేదు. అది ఎవరి ముందు పెట్టబడింది, ఎవరి కొరకు పోయబడింది అనే విషయములో ఉన్నది.

త్రాగుడు విషయములో తెలుగు సంఘమునకు గట్టి నియమము ఉన్నది. అది మనకు ఎలా వచ్చింది, దానిని ఏ కారణముతో నిలుపుకోవాలి అనే ప్రశ్నలు కొన్ని సంవత్సరముల క్రితము బవేరియాలోని ఒక మఠపు బీరుశాలలో మా ముందుకు వచ్చాయి. ఆ దర్శనమును, దాని వెనుక ఉన్న సంఘచరిత్రను కలిపి పరిశీలించడము ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

2. సన్యాసులు బీరు ఎందుకు తయారుచేశారు?

పాశ్చాత్య మఠ జీవితమునకు పునాది వేసినది 6వ శతాబ్దమునకు చెందిన బెనెడిక్ట్ నియమావళి. దాని 40వ అధ్యాయము పానీయపు కొలతను గురించినది. అక్కడ బెనెడిక్ట్ మాట ఎంతో జాగ్రత్తగా ఉన్నది. సన్యాసులకు ద్రాక్షారసము తగనే తగదని పెద్దలు చెప్పినట్లు తాను చదివానని, అయితే తన కాలపు సన్యాసులను ఆ మాటకు ఒప్పించడము సాధ్యము కాదు గనుక కనీసము మితముగా త్రాగుదామని ఆయన చెబుతాడు. రోజుకు ఒక 'హెమినా' చాలునన్నాడు. రోమీయుల కొలతలో అది సుమారు పావు లీటరు. పూర్తిగా మానుకొనే శక్తిని దేవుడు ఎవరికి ఇచ్చాడో వారికి తగిన ప్రతిఫలము ఉంటుందని కూడా అక్కడే చేర్చాడు. అనగా మితమును నియమముగా పెట్టిన ఆ అధ్యాయమే మానుకొనువానిని గౌరవించింది.

ఆల్ప్స్ పర్వతములకు ఉత్తరాన అనేక ప్రాంతాలలో ద్రాక్ష సరిగా పండదు, బార్లీ బాగా పండుతుంది. అందుచేత 816లో ఆఖెన్ పట్టణములో జరిగిన సభ, ద్రాక్షారసము దొరకని చోట దానికి రెండింతల కొలత మంచి బీరు ఇవ్వవచ్చునని నిర్ణయించింది. దక్షిణ దేశపు నియమము ఉత్తర దేశపు పంటకు ఈ విధముగా అనువదించబడింది.

అదే శతాబ్దపు తొలి భాగములో గీసిన సెయింట్ గాలెన్ మఠపు నమూనా పటము నేటికీ స్విట్జర్లాండులోని ఆ మఠ గ్రంథాలయములో భద్రముగా ఉన్నది. అయిదు తోలు ముక్కలను కలిపి కుట్టి, దాని మీద ఒక ఆదర్శ మఠమును గీశారు. అందులో మూడు బీరు తయారీ గదులు ఉన్నాయి. ఒకటి సన్యాసులకు, ఒకటి గొప్ప అతిథులకు, ఒకటి యాత్రికులకును బీదలకును. ఒక్కొక్క దాని ప్రక్కన రొట్టెలు కాల్చే గది ఉన్నది. వారి దృష్టిలో బీరు రొట్టె పక్షమున చేరినది. రెండింటికీ ముడిసరుకు ధాన్యమే. అతిథిని క్రీస్తునే చేర్చుకొన్నట్లు చేర్చుకోవాలని బెనెడిక్ట్ నియమావళి 53వ అధ్యాయము ఆజ్ఞాపిస్తున్నది. ఆ ఆజ్ఞ తోలు మీద గీతలుగా మారితే ఎలా ఉంటుందో ఆ పటములో చూడవచ్చు.

తయారీ విధానము మన ఇళ్లకు బొత్తిగా కొత్తది కాదు. మన స్త్రీలు రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తారు. బార్లీకి చేసేదీ దాదాపు అదే. మొలకెత్తినప్పుడు గింజలోని పిండి పదార్థమును చక్కెరగా మార్చే గుణము పుడుతుంది. ఆ మొలకలను ఎండబెట్టి, నలగగొట్టి, వేడినీటిలో ఉంచితే తియ్యని రసము దిగుతుంది. దానిని హాప్స్ అనే తీగ పూలతో కలిపి మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెడతారు. హాప్స్ చేదును ఇస్తుంది, పానీయము త్వరగా చెడిపోకుండా కాపాడుతుంది. 822లో కోర్బీ మఠాధిపతి అడల్‌హార్డ్ వ్రాసిన నిబంధనలలో హాప్స్ ప్రస్తావన ఉన్నది. 12వ శతాబ్దములో బింగెన్ హిల్డెగార్డ్ అనే మఠాధిపతిని దాని నిలువచేసే గుణమును గురించి వ్రాసింది.

1516 ఏప్రిల్ 23న బవేరియా పాలకులు ఇంగోల్‌స్టాట్‌లో ఒక శాసనము ప్రకటించారు. బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వేయరాదన్నారు. ఈస్టు పేరు అందులో లేదు. ఆ శాసనమే బీరు ధరను కూడా నిర్ణయించింది. కల్తీని, అధిక ధరను ఒకే శాసనముతో అదుపు చేయాలని ఆనాటి పాలకులు చూచారు.

3. ఆండెక్స్ కొండ మీద

మ్యూనిక్ నగరమునకు నైరుతి దిక్కున అమ్మర్‌సే అనే సరస్సు ఉన్నది. దాని ఒడ్డున ఉన్న హెర్షింగ్ వరకు రైలు పోతుంది. అక్కడ నుండి చెట్ల మధ్య లోయదారిలో సుమారు గంటసేపు నడిస్తే ఆండెక్స్ మఠము వస్తుంది. స్థానికులు దానిని పరిశుద్ధ పర్వతము అంటారు. మధ్యయుగముల నుండి అది యాత్రాస్థలము. 1455లో అక్కడ బెనెడిక్టు సన్యాసుల మఠము స్థాపించబడింది. 1803లో బవేరియా ప్రభుత్వము మఠముల ఆస్తులను స్వాధీనము చేసుకొన్నప్పుడు అది కూడా మూతపడింది. 1846లో రాజైన మొదటి లూడ్విగ్ దానిని కొని, తాను మ్యూనిక్‌లో స్థాపించిన సెయింట్ బోనిఫేస్ మఠమునకు పోషణ ఆధారముగా 1850లో ఇచ్చాడు. పట్టణములోని పరిచర్యను కొండ మీది పొలము, బీరు పోషించాలన్నది ఆ ఏర్పాటు. మ్యూనిక్‌లోని ఆ మఠము నేడు ఇళ్లు లేనివారికి భోజనము, బట్టలు, వైద్యము అందిస్తున్నది.

మమ్మును ఆహ్వానించిన లూథరన్ పాస్టరుగారు ఒక శరదృతువు మధ్యాహ్నము మమ్మును అక్కడికి తీసుకొనివెళ్లారు. ముందు దేవాలయము చూచాము. యాత్రికులు మొక్కుగా తెచ్చిన పొడవైన కొవ్వొత్తులు అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. తరువాత బీరు తయారుచేసే భాగమునకు వెళ్లాము. మేము ఊహించిన పాత గుహలు, చెక్క తొట్లు అక్కడ లేవు. ఉక్కు పాత్రలు, గొట్టములు, కొలతలు చూపే పరికరములు ఉన్నాయి. మొలక ధాన్యము మరిగే వాసన మాత్రము మన ఇంటి రాగి జావ వాసనకు చాలా దగ్గరగా ఉన్నది. వివరించిన వ్యక్తి సన్యాసి కాదు, జీతమునకు పనిచేసే నిపుణుడు. యజమాని మాత్రము మఠమే.

ఆ తరువాత భోజనశాల. అక్కడ పొడవైన బల్లలు ఉన్నాయి. ఎవరి ఆహారము వారే కిటికీ దగ్గర తెచ్చుకోవాలి. బల్ల మీద చోటు ఉన్నదా అని అడిగితే కూర్చున్నవారు జరిగి చోటు ఇస్తారు. పరిచయము అవసరము లేదు. మా బల్ల వద్ద ఆ చుట్టుప్రక్కల గ్రామములకు చెందిన అయిదుగురు ఉన్నారు. అందరూ అరవై దాటినవారే. కొందరి ముందు లీటరు మగ్గులు ఉన్నాయి. ఒక్కొక్క మగ్గు బెనెడిక్ట్ చెప్పిన నాలుగు హెమినాలకు సమానమని మనస్సులో లెక్క వేసుకొన్నాము. మేము పాస్టరులమని తెలియగానే వారు మమ్మును 'హెర్ ఫారర్' అని పిలిచారు. అది మన 'అయ్యగారు' వంటి పిలుపు.

మేము ఆపిల్ రసములో సోడా నీరు కలిపిన పానీయము తెచ్చుకొన్నాము. దానిని చూచి వారిలో ఒక రైతు, మీ దేశములో పాస్టరులు బీరు త్రాగకూడదా అని నవ్వుతూ అడిగాడు. మా పాస్టరుగారు అనువదించగా మేము నెల్లూరు జిల్లా సంగతి చెప్పాము. 1992లో దూబగుంట గ్రామములో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన స్త్రీలు, తమ పాఠ్యపుస్తకములోని ఒక కథను చర్చించుకొని సారా దుకాణమును ఎలా మూయించారో, వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు ఎలా ముందు నిలిచారో చెప్పాము. భర్త కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా కొట్టుకు చేరేదని, అందుచేత మా ప్రాంతములో గ్లాసు ముట్టని పాస్టరునే తల్లులు నమ్ముతారని చెప్పాము.

వారు శ్రద్ధగా విన్నారు. కొంతసేపు ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు బల్ల చివర కూర్చున్న పెద్దాయన తన గ్లాసు ఎత్తి చూపించాడు. అందులో ఉన్నది కూడా ఆపిల్ రసమే. తాను పదునాలుగు సంవత్సరములుగా త్రాగలేదని, త్రాగుడుకు బానిసలైనవారు కలిసికొనే క్రైస్తవ సహవాసములో సభ్యుడనని చెప్పాడు. మరి ఇక్కడ ఎందుకు కూర్చున్నారని మేము అడిగాము. వీరు నా స్నేహితులు, ఇది మా బల్ల అన్నాడు. మానిన తరువాత రెండుసార్లు పడిపోయానని, రెండుసార్లూ ముందుగా ఈ నలుగురికే చెప్పానని కూడా అన్నాడు. ఆ నలుగురూ ఆయనను జాలిగా చూడలేదు, ఆయన మాటను మరిపించడానికి ప్రయత్నించలేదు. అందరూ గ్లాసులు కలిపారు. అక్కడి ఆచారము ప్రకారము ఒకరి కళ్లలోకి ఒకరు చూచి కలిపారు. బీరు మగ్గులకు మా ఆపిల్ రసము, ఆయన ఆపిల్ రసము తగిలాయి.

4. జర్మనీ సంఘములో మరొక స్వరము

ఆ పెద్దాయన చెప్పిన సహవాసము వంటివి జర్మను భాషా ప్రాంతములలో చాలాకాలము నుండి ఉన్నాయి. 1877లో జెనీవాలో పాస్టరు లూయీ లూసియెన్ రోషా నీలి సిలువ సంఘమును స్థాపించాడు. అది తరువాత జర్మనీలో వ్యాపించింది. 1896లో ఆఖెన్‌లో కతోలికుల మధ్య క్రాయిట్స్‌బుండ్ మొదలయింది. రోజుకు రెండింతల కొలత బీరు ఇవ్వవచ్చునని సభ తీర్మానించిన పట్టణములోనే, సుమారు వెయ్యి ఎనభై సంవత్సరముల తరువాత, మానుకొనువారి సంఘము పుట్టింది. బీరు దేశపు సంఘమునకు త్రాగుడు నష్టము తెలియదని మనము అనుకోరాదు.

లూథరు విషయములో కూడా ఈ రెండు స్వరములు వినిపిస్తాయి. 1522 మార్చిలో విట్టెన్‌బర్గ్‌లో చేసిన ప్రసంగములో, తాను నిద్రించినప్పుడు, స్నేహితులతో విట్టెన్‌బర్గ్ బీరు త్రాగుతున్నప్పుడు కూడా వాక్యమే కార్యము చేసిందని ఆయన అన్నాడు. 1525లో ఆయన వివాహమాడిన కాథరినా ఫాన్ బోరా, పూర్వము సన్యాసుల మఠమైన తమ గృహములో బీరు తయారుచేసి విద్యార్థులను, అతిథులను పోషించింది. అయితే 101వ కీర్తనకు 1534లో వ్రాసిన వ్యాఖ్యానములో, ప్రతి దేశమునకు ఒక సొంత దయ్యము ఉంటుందని, జర్మనుల దయ్యము పేరు త్రాగుడు అని ఆయనే వ్రాశాడు. మొదటి మాటను మాత్రమే పట్టుకొని లూథరు కూడా త్రాగాడు గదా అనేవారు రెండవ మాటను కూడా చదవాలి.

5. మన నియమము ఎక్కడ నుండి వచ్చింది?

తెలుగు ప్రొటెస్టెంట్ సంఘములలోని నియమమునకు కనీసము మూడు మూలములు ఉన్నాయని మా అభిప్రాయము.

మొదటిది మిషనరీలది. అమెరికా మద్యనిషేధ సంఘము 1826లో బోస్టన్‌లో ఏర్పడింది. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్టణము చేరాడు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. ఆ ఉద్యమము పెరుగుతున్న దేశము నుండి, పెరుగుతున్న దశాబ్దములలో వారు వచ్చారు. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు, ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండా నిలువచేసే పద్ధతిని ప్రభురాత్రి భోజనము కొరకే కనుగొన్నాడు. మన సంఘములలో అనేకములు నేడు పులియని రసమును వాడడము వెనుక ఈ చరిత్ర ఉన్నది. హయ్యర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో జన్మించినవాడనే సంగతి కూడా గుర్తుంచుకోదగినది. బీరు దేశములో పుట్టి, అమెరికా సంఘము ద్వారా, కల్లు దేశమునకు ఆయన వచ్చాడు.

రెండవది గ్రామ ఆరాధన. గ్రామదేవతకు కల్లు సాక పోయడము మన గ్రామములలో అనాది ఆచారము. బ్రెగెంజ్‌లో వోదాను ముందు పెట్టిన పీపా సంగతి జర్మను విద్యార్థికి వివరించవలసి వస్తుందేమో గాని, తెలుగు విశ్వాసికి వెంటనే అర్థమవుతుంది. విగ్రహార్పితములను గూర్చి 1 కొరింథీ 8వ అధ్యాయము చర్చించే ప్రశ్న మన గ్రామములలో కల్లు కుండ రూపములో ఎదురయింది.

మూడవది స్త్రీల కన్నీరు. ఇది దిగుమతి అయినది కాదు. దూబగుంటలో రగిలిన ఉద్యమము వలన 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించబడింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలులోకి వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. చట్టము పోయినా ఆ స్త్రీలు చెప్పిన కారణము పోలేదు.

ఈ మూడింటిలో మన బోధ సాధారణముగా దేని మీద ఆధారపడుతున్నది? త్రాగడము పాపము అనే ఒక్క వాక్యము మీదనే. కారణము చెప్పకుండా నియమము మాత్రమే అప్పగిస్తే రెండు నష్టములు కలుగుతాయి. మొదటిది, కానా విందును, తిమోతికి పౌలు చెప్పిన సలహాను (1 తిమోతి 5:23) చదివిన యౌవనస్థుడు నియమమంతటినీ అబద్ధమని త్రోసివేస్తాడు. రెండవది ఇంకా లోతైనది. మన సంఘములలో బాప్తిస్మమునకు ముందు త్రాగినవాని సాక్ష్యమునకు స్తోత్రము చెబుతాము. బాప్తిస్మము తరువాత పడిపోయినవాడు ఆ మాట చెప్పుకొనే చోటు మాత్రము మన దగ్గర లేదు. అతడు బల్ల నుండి తీసివేయబడతాడు, లేదా దాచుకొని బల్లకు వస్తాడు. అతని ఇంటిలోని గాయము అతని భార్యకు మాత్రమే తెలుస్తుంది.

6. ముగింపు

లూకా 7:33-34లో యేసుప్రభువు తన తరమువారిని గూర్చి చెప్పిన మాట ఈ చర్చకు కేంద్రము. రొట్టె తినక ద్రాక్షారసము త్రాగక వచ్చిన యోహానును దయ్యము పట్టినవాడన్నారు. తినుచు త్రాగుచు వచ్చిన మనుష్యకుమారుని తిండిపోతు అన్నారు. ఇద్దరినీ పంపినవాడు ఒక్కడే. యిర్మీయా 35లో తమ పితరుని మాటకు కట్టుబడి ద్రాక్షారసము ముట్టని రేకాబీయులను దేవుడు మెచ్చుకొన్నాడు. వారి నియమమును ఇశ్రాయేలంతటికీ శాసనముగా చేయలేదు.

దీనిని బట్టి మూడు సంగతులు పాస్టరుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు ఉంచుతున్నాము. మొదటిది, మన నియమమును విడువవద్దు. దూబగుంట స్త్రీలు జీవించిన నేల మీద కాపరి త్రాగకపోవడము అతని పరిచర్యలో భాగము. అయితే దానిని రక్షణకు గురుతుగా కాక, రోమా 14వ అధ్యాయము చెప్పినట్లు సహోదరుని నిమిత్తమైన ప్రేమగా బోధించాలి. రెండవది, కల్లుగీత వృత్తిగా గల కుటుంబములు మన సంఘములలోనూ, చుట్టూ ఉన్నాయి. తాటిచెట్టు ఎక్కి ప్రాణములను పణముగా పెట్టి బ్రతికే మనుష్యుని పాపమునకు గురుతుగా ప్రసంగములో వాడడము మానుకోవాలి. మూడవది, ఇతర దేశముల సంఘములకు అతిథిగా వెళ్లినప్పుడు వారి బల్లను తప్పించుకోవద్దు. మన గ్లాసుతో మనము కూర్చోవచ్చు, మన కారణము చెప్పవచ్చు, వారి కారణము వినవచ్చు.

సెయింట్ గాలెన్ పటము గీసినవారు బీదలకు, యాత్రికులకు ఒక ప్రత్యేకమైన గది కేటాయించారు. మన సంఘ ఆవరణములలో బీరు గది అవసరము లేదు. వారములో ఒక సాయంకాలము, ఒక గది, నాలుగు కుర్చీలు, మానలేకపోతున్నాను అని ఒక విశ్వాసి చెప్పినప్పుడు ఆ మాటను బయటకు పోనివ్వని ఇద్దరు పెద్దలు అవసరము. ఈ ఏర్పాటుకు ఖర్చు లేదు, సినడు తీర్మానము కూడా అక్కరలేదు. వచ్చే ఆదివారము ప్రకటనలలో ఒక వాక్యము చేర్చితే అది మొదలవుతుంది.